నోరు మెదపని పెట్టె

ఆ ఏడు వర్షావాసం మొదలైన రోజున మా అమ్మ బుద్ధుడి ఎదుట మోకరిల్లి, నాన్న రాసే చీటీలు మూడు నెలల పాటు చదవనని మొక్కుకుంది.

వానాకాలం మూడు నెలలూ స్వాములు విహారం విడిచి వెళ్ళరు. మాలాంటి వాళ్ళం మా వంతుగా ఏదో ఒకటి వదిలేస్తాం. మా సందులో మగాళ్ళు సారా మానేస్తారు, కనీసం మానేశామని చెప్పుకుంటారు. పక్కింటావిడ లాటరీ టిక్కెట్లు మానేసింది. నేను తీపి మానేద్దామనుకుని, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నాను. అమ్మ మాత్రం నలుగురూ వినేలా అంది:

"ఈ ముసలాయన నాతో ఏం చెప్పాలన్నా నోటితో చెప్పాలి. రాసి చూపిస్తే చూడను. దీన్ని చదివి వినిపించమని పంపినా వినను."

'దీన్ని' అంటే నన్ను. నాన్న అమ్మ పక్కనే మోకాళ్ళ మీద ఉన్నారు. చొక్కా జేబులోంచి కాగితమూ పెన్సిలూ తీసి, తీరిగ్గా రాసి, అమ్మ ముందు పెట్టారు. అమ్మ తల తిప్పేసుకుంది. ఆ కాగితం నేను తీసుకున్నాను. 'ఇవాళ్టి నుంచా, రేపటి నుంచా?' అని ఉంది. గుడిలో నవ్వాపుకోలేక చచ్చాను.

నవ్వే సంగతి కాదని నాకూ తెలుసు. అంతకు ఎనిమిది నెలల ముందు నాన్న గొంతులో గడ్డ తీశారు. గడ్డతో పాటు గొంతు నరం ఒక పక్కది పోయింది. డాక్టరుగారు నన్నూ అమ్మనీ కూర్చోబెట్టి చెప్పారు: "మాట వస్తుంది. బొంగురుగా, గుసగుసలాగా వస్తుంది. రోజూ మాట్లాడించండి. వాడకపోతే ఆ కాస్తా బిగుసుకుపోతుంది. ఏడాది దాటితే నేనేం చెప్పలేను." ఆస్పత్రి మంచం మీద నాన్న ఒక్క మాట అన్నారు, అమ్మ పేరు. తన చెవులతో తనే విన్నారు. అంతే, నోరు మూసుకున్నారు. నా జిరాక్స్ దుకాణంలో పాడైపోయిన కాగితాలు ఇంటికి తెచ్చేదాన్ని. ఒక పక్క ఐదో తరగతి లెక్కలు, రెండో పక్క నాన్న మాటలు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

ఇంకెవరైనా అయితే ఇంత పట్టించుకోకపోదుము. మా నాన్న ఖాంపన్, మా అమ్మ బుప్పా పాతికేళ్ళు మందులమ్మే సినిమా బండి మీద బ్యాంకాక్‌కి ఈశాన్యాన ఉన్న ఈ ఈసాన్ ఊళ్ళన్నీ తిరిగినవాళ్ళు. నేను నడక నేర్చుకుంది ఆ బండిలోనే. అప్పటి సినిమాల్లో బొమ్మే గాని మాట ఉండేది కాదు. పొలంలో తెర కట్టి, మైకు ముందు కూర్చుని, మగవాళ్ళందరికీ నాన్న, ఆడవాళ్ళకీ పసిపిల్లలకీ అమ్మ అక్కడికక్కడే మాటలు చెప్పేవాళ్ళు. కథ మంచి పట్టు మీద ఉండగా బొమ్మ ఆపేసి మందులు అమ్మేవాళ్ళు: నులిపురుగుల బిళ్ళలు, కడుపునొప్పి గుళికలు, దగ్గు మందు. బొమ్మ ఆగినంతసేపూ నాన్న నోరు ఆగకూడదు. ఆగితే జనం లేచిపోతారు, మందు మిగిలిపోతుంది.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కరెంటు పోగానే మా నాన్న చీకట్లో దగ్గు మందు అమ్మడం మొదలుపెట్టేవారు. నేను కొవ్వొత్తి వెతికి తెచ్చేదాకా అమ్మేవారు. అన్నం హీరో గొంతుతో అడిగేవారు, కూరలో ఉప్పెక్కువైందని విలన్ గొంతుతో బెదిరించేవారు. అమ్మ వెంటనే ముసలి అత్తగారి గొంతుతో తిట్టేది. ముగ్గురమే ఉన్న ఇంట్లో ఇరవై మంది ఉన్నట్టుండేది. ఇప్పుడు గరిటె కిందపడితే ఉలిక్కిపడుతున్నాం.

మొక్కు మొదలైన రెండో వారంలో ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. అన్నాలు తింటుండగా కరెంటు పోయింది. మా ఇంటి కప్పు రేకులది. వాన పడితే పక్కనున్న మనిషిని కూడా అరిచి పిలవాలి. అమ్మా నేనూ కదలకుండా కూర్చున్నాం. ఇద్దరం దేనికి ఎదురుచూస్తున్నామో ఇద్దరికీ తెలుసు. ఇంతలో మెరుపు మెరిసింది. ఆ వెలుగులో నాన్న పెదవులు కదలడం చూశాను.

"ఏంటి నాన్నా?" అని అరిచాను.

మళ్ళీ మెరిసేసరికి తల అడ్డంగా ఊపుతున్నారు. లేచి ఆయనే కొవ్వొత్తి తెచ్చారు.

మర్నాడు పొద్దున్న నేను దుకాణానికి బయల్దేరుతుంటే చీటీ చేతిలో పెట్టారు. 'సినిమాలు చూసే కంప్యూటరు ఒకటి కావాలి. బలంగా ఉండాలి. నోరు మెదపకూడదు.'

"ఏం సినిమాలు నాన్నా?" అన్నాను.

'తర్వాత చెబుతా' అని రాశారు. అప్పటికి నాకు సంతోషమే. మూల కూర్చుని గోడ చూడకుండా ఏదో ఒకటి చూస్తారు కదా అనుకున్నాను.

*

బస్టాండు వెనక కంప్యూటర్లు కట్టి అమ్మే అతని పేరు కోప్, అంటే కప్ప. నలభై ఏళ్ళుంటాయి. వానాకాలం కప్పలాగే నోరు మూయడు. కానీ మా రోయెట్ ఊరు మొత్తంలో పని తెలిసినవాడు. నాన్నకి కుర్చీ వేసి, ఐసు వేసిన కాఫీ తెప్పించి, మొదలుపెట్టాడు.

"పెద్దనాన్నా, బలమున్న చిప్పు వేడెక్కుతుంది. వేడెక్కితే ఫ్యాను తిరగాలి. ఫ్యాను తిరిగితే మోత. బలమూ, మౌనమూ రెండూ ఒకే పెట్టెలో కావాలంటే ఎలా? మంచి జీతమూ ఉండి, పెళ్ళాం మాటా వినే మొగుణ్ణి వెతికినట్టుంటుంది."

"నీకు దొరికాడేమో అడుగు మీ ఆవిణ్ణి," అన్నాను.

"అందుకే చెబుతున్నా అక్కా, దొరకడని."

నాన్న ఈ గోలంతా వదిలేసి బల్ల మీది ఫ్యాన్లు చూపించారు. ఒక్కొక్కటీ తిప్పి వినిపించమని సైగ చేశారు. కోప్ చిన్నదానికి కరెంటు ఇచ్చాడు. నాన్న కళ్ళు మూసుకుని తల వంచి విన్నారు. రాసిచ్చారు: 'దోమ. ఆకలి మీద ఉంది.' రెండోదానికి, 'విలన్ పక్కన నిలబడి ఊరికే నవ్వేవాడు.' మూడోదానికి, 'అత్తగారు. పూజలో కూర్చున్నా సణుగుతోంది.' అరచెయ్యంత ఫ్యాను ఒకటి నెమ్మదిగా తిరిగింది. దాన్ని చాలాసేపు విన్నారు. 'వీడు మంచివాడే. కానీ నిద్రలో పళ్ళు కొరుకుతాడు.'

నాకు నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. రెండు జిరాక్స్ మెషిన్ల మధ్య రోజంతా నిలబడేదాన్ని, నా చెవికి లారీ తప్ప ఏదీ మోత కాదు. కోప్ మాత్రం ఆ చీటీలన్నీ గోడకి అంటించాడు. "అక్కా, ఈయన చెవులు నాకు అద్దెకిస్తావా? కంపెనీ వాళ్ళు డబ్బా మీద 'సైలెంట్' అని రాసేసి నా పీకల మీదకి తెస్తున్నారు," అన్నాడు.

మొదట అసలు ఫ్యానే లేని చిన్న పెట్టె తెచ్చాం. వేడెక్కని చిప్పు, చప్పుడు శూన్యం. పెట్టె మీద చెయ్యి వేసి నాన్న మెచ్చుకోలుగా తలూపారు. పరీక్షకని కోప్ ఇచ్చిన పెద్ద బొమ్మ, అంటే గీత గీతా స్పష్టంగా కనబడే సినిమా ముక్క, వేశాం. అందులో ఎవరో అమ్మాయి వంతెన మీద నడుస్తోంది, అడుగడుక్కీ ఎక్కిళ్ళు వచ్చినట్టు ఆగుతోంది. నాన్న ఆపేసి రాశారు: 'పెదవులు తడబడుతున్నాయి.'

"పెదవులు ఎవరు చూస్తారు నాన్నా? బొమ్మ బాగానే ఉందిగా."

నాన్న నన్ను పక్కింటివాళ్ళ పిల్లని చూసినట్టు చూశారు. వంటింట్లో పచ్చడికి పచ్చి బొప్పాయి దంచుతున్న అమ్మ రోకలి ఆపింది.

"పెదవులు కాకపోతే ఇంకేం చూస్తారే? పాదాలా?" అని అరిచింది.

చీటీలు చదవనందిగాని నా మాటలు విననని అనలేదు. అమ్మ మొక్కులో అలాంటి సందులు చాలా ఉండేవి. నేను నాన్నకి జవాబిచ్చేటప్పుడు ప్రశ్న కూడా కలిపి గట్టిగా చెప్పేదాన్ని. అమ్మ వంటింట్లోంచి గోడకి సమాధానం చెప్పేది.

రెండోసారి కోప్ బాగా బలమున్నది కట్టాడు. ఈసారి అమ్మాయి వంతెన మీద నెమలిలా నడిచింది. కానీ వంతెన కింద నీళ్ళు కదిలేసరికి, ఆ నీళ్ళన్నీ లెక్కకట్టలేక చిప్పు వేడెక్కి, ఫ్యాన్లు ఒక్కసారిగా లేచాయి. నాకు కూడా వినబడింది, అంతకంటే ఏం చెప్పను. అమ్మ వచ్చి ఆ పెట్టెని తీసుకెళ్ళి గాజు బీరువాలో పింగాణీ పళ్ళాల పక్కన పెట్టి తలుపేసింది.

"ఇప్పుడు అరవమను, చూద్దాం."

గాలాడక అది ఇంకా వేడెక్కింది. ఇంకా అరిచింది. పళ్ళాలు గలగలమంటూ తాళం వేశాయి. నాన్న భుజాలు కదులుతున్నాయి. చూస్తే నవ్వుతున్నారు, శబ్దం లేకుండా. అమ్మ కూడా చూసింది. నవ్వబోయింది, ఆ శబ్దం లేని నవ్వు చూసి ఆగిపోయింది. "కూర మాడిపోతోంది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద కూరేం లేదు.

ఇక మూడోది. కోప్‌కి పట్టుదల వచ్చింది. "డబ్బు సంగతి తర్వాత చూద్దాం అక్కా, పెద్దనాన్న ఒప్పుకున్నాడనిపించుకోవాలి," అన్నాడు. బ్యాంకాక్ నుంచి సాయంత్రం బస్సులో ఒక్కొక్క సామానే వచ్చేది. చిప్పు మీద కూర్చోబెట్టే రాగి, అల్యూమినియం రేకుల దిమ్మ ఒకటి వచ్చింది. జిగురన్నం పెట్టుకునే వెదురు బుట్టంత ఉంది. "వేడి దీనంతట ఇదే పీల్చేసుకుంటుంది, ఫ్యాను ఊరికే దగ్గరుండి విసురుతుందంతే," అన్నాడు కోప్. కరెంటు పెట్టె ఒకటి వచ్చింది, బాగా వేడెక్కితే తప్ప దాని ఫ్యాను తిరగదు. గిరగిరా తిరిగే పళ్ళేల డిస్కు తీసేసి, కదిలేదేమీ లేని డిస్కు పెట్టాడు. బొమ్మల కార్డు కూడా ఫ్యాను లేనిదే, పక్కటెముకలు బయటికి కనబడుతుంటాయి. పెట్టె లోపల గోడలకి దళసరి దుప్పటి గుడ్డలాంటిది అంటించాడు. నాన్న తన పాత రబ్బరు చెప్పులు కత్తిరించి బిళ్ళలు చేసి, ప్రతి మర కిందా ఒకటి వేశారు. ఆ చెప్పులు అమ్మ రెండేళ్ళుగా పారేయమంటున్నవి.

ఈ సందట్లో నేను ఒక తెలివైన పని చేశాననుకున్నాను. కంప్యూటరు ఇంత గొప్పగా కడుతుంటే దానికి తగ్గ స్పీకర్లుండొద్దా? కోప్ దగ్గర బేరమాడి ఐదు స్పీకర్ల సెట్టు తెచ్చాను. నాన్న డబ్బా విప్పకుండానే గుమ్మం బయట పెట్టేశారు. 'స్పీకర్లు వద్దు.'

"ఎందుకొద్దు?"

'వద్దు.'

మర్నాడు రెండు స్పీకర్ల సెట్టు తెచ్చాను. అదీ గుమ్మం బయటికే వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది. వానలో మోసుకొచ్చింది నేను.

"సినిమాకి స్పీకర్లు వద్దనేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను! చెవులు కూడా కోసేశారా నాన్నా, ఆస్పత్రిలో?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. వంటింట్లో రోకలి చప్పుడు ఆగింది. నాన్నకి కోపం రాలేదు. లోపలికెళ్ళి, చేతిగుడ్డలో చుట్టిన చిన్న డిస్కు ఒకటి తెచ్చి, ఇంకా పూర్తవని పెట్టెకి తగిలించారు.

తెర మీద ఏరు కనబడింది. రంగులు వెలిసిపోయి, మధ్యమధ్య వాన గీతల్లాంటి గీతలు. రేవులో ఒక పడవ. పడవ మీద తలకి గుడ్డ చుట్టుకున్న కుర్రాడు. గట్టు మీద నుంచి గొడుగు పట్టుకుని ధాన్యం మిల్లు యజమాని కూతురు దిగుతోంది. ఆ పిల్ల ఏదో అంది. మాట లేదు. స్పీకర్లు లేక కాదు, ఆ సినిమాలో మాటే లేదు.

నాకు గుర్తొచ్చింది. బండిలో గోనెసంచుల మీద పడుకుని వందసార్లు చూసిన బొమ్మ అది.

వెనక అడుగుల చప్పుడైంది. అమ్మ రోకలి చేత్తో పట్టుకునే వచ్చింది. తెర మీద ఆ పిల్ల నోరు తెరిచినప్పుడల్లా అమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి, గొంతు లేకుండా. ఒక్క చోట కూడా తప్పలేదు. నలభై ఏళ్ళైంది ఆ మాటలు చెప్పి.

నాన్న నాకు చీటీ రాసిచ్చారు. మా మందుల కంపెనీ గోదాములో మిగిలిన రీళ్ళు బ్యాంకాక్‌లో పాత సినిమాలు పోగుచేసే ఒకాయనకి దొరికాయట. శుభ్రం చేయించి పెద్ద బొమ్మగా కాపీ తీయించి, ఎవరి దగ్గరైనా మాటలు మిగిలున్నాయా అని వాకబు చేస్తూ నాన్నకి పంపాడట. వర్షావాసం ముగిసేలోగా తిరిగి పంపాలట. చివర ఇలా ఉంది: 'మీ అమ్మ గొంతు కూడా సన్నబడింది. మైకు లేదు. ఫ్యాను మోతలో వినబడదు. అందుకే నోరు మెదపని పెట్టె కావాలన్నాను.'

అది అమ్మకి చదివి వినిపించలేను, మొక్కుంది. చీటీ మడిచి నడుముకి దోపుకున్నాను. మా అమ్మ గొంతు సందు చివరికి వినబడుతుంది, కొబ్బరికాయలమ్మేవాడు భయపడతాడు. మెరుపు వెలుగులో కదిలిన పెదవులు గుర్తొచ్చాయి నాకు. ఆ రోజు ఆయన మాట్లాడారు. ఎనిమిది నెలలకి ఒక్కసారి ధైర్యం చేసి మాట్లాడితే, రేకుల మీద వాన మింగేసింది. నేనేమో 'ఏంటి' అని అరిచాను. ఈ మనిషి ఇంత రభస చేస్తున్నది ఎవరి గొంతు కోసమో అప్పుడర్థమై నాకు ఏడుపొచ్చింది. స్పీకర్లు తీసుకుని, తిరిగిచ్చి వస్తానని వానలోకి వెళ్ళిపోయాను.

*

వర్షావాసం ఇంకో ఐదు రోజుల్లో ముగుస్తుందనగా కోప్ ఆఖరి మర బిగించాడు. పెట్టె సిద్ధమే గాని వాన వదలదు. రోజూ మధ్యాహ్నం మబ్బు పట్టడం, రేకుల మీద దబదబా కురవడం. మూడు నెలలు ఫ్యాన్లని తిట్టుకున్నాం, ఆకాశాన్ని ఏం పెట్టి మూయాలి? నాన్న గుమ్మంలో కూర్చుని మబ్బుల్ని చూసేవారు. అమ్మ ఆయన్ని చూసేది.

మూడో రోజు మధ్యాహ్నం వాన రాలేదు. చెట్ల ఆకుల నుంచి చుక్కలు కూడా ఆగిపోయాయి. నాన్న లేచి కిటికీలకి దుప్పట్లు కట్టారు. నేను సీలింగు ఫ్యాను ఆపాను. పక్కింటికెళ్ళి టీవీ తగ్గించమని బతిమాలాను. అమ్మ ఒక్క మాట లేకుండా వెళ్ళి ఫ్రిజ్ తీగ పీకేసింది. తన పెట్టె పనితనం చూడాలని కోప్ వచ్చాడు. నోరు మూసుకుంటానని ఒట్టేస్తేనే లోపలికి రానిచ్చాను.

మీట నొక్కాను. కోప్ ఒట్టు అప్పుడే మర్చిపోయాడు.

"ఆన్ చెయ్యి అక్కా."

"చేశాను."

"చెయ్యలేదు."

"నువ్వు కట్టిందే కదరా! ఆ చిన్న దీపం చూడు."

చూశాడు. రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు. నాన్న పెట్టె దగ్గరికి చెవి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నారు. కోప్ వైపు తిరిగి బొటనవేలెత్తారు. నలభై ఏళ్ళ కప్ప కళ్ళు నీళ్ళతో నిండాయి.

చాప మీద అమ్మా నాన్నా పక్కపక్కనే కూర్చున్నారు, మైకు ముందు కూర్చునే వరసలోనే, అమ్మ ఎడమ, నాన్న కుడి. ఏరు కనబడింది. గొడుగు పట్టుకుని మిల్లు యజమాని కూతురు దిగింది. అమ్మ గొంతులోంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల మాట్లాడింది.

"ఏయ్ పడవబ్బీ, అవతలి ఒడ్డుకేనా?"

తెర మీద కుర్రాడు తల తిప్పి ఏదో అన్నాడు. నాన్న నోరు తెరవలేదు. అమ్మ ఆగింది. కుర్రాడి పెదవులు మూతపడ్డాక, సరిగ్గా అప్పుడే మళ్ళీ అందుకుంది.

"అబ్బో, నీ కోసం వచ్చాననుకున్నావా? మా నాన్న మందు తెమ్మంటే వచ్చాను."

మళ్ళీ కుర్రాడి వంతు. మళ్ళీ ఖాళీ. తర్వాత అమ్మ కిలకిలా నవ్వింది, ఎవరికీ వినబడని జవాబుకి. కుర్రాడు పాడాడు, మౌనంగా పాడాడు. అమ్మ "ఊఁ, గొంతు బానే ఉంది," అంది, అక్కడ ఆ పిల్ల మాట అదే మరి. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తెర వైపే చూస్తున్నారు. ఆ ఖాళీల్లో ఏ చప్పుడూ లేదు. ఇంతకన్నా దోమ ఫ్యానే నయం కదా అనిపించింది. ఎంత డబ్బు పోసి, ఎంత కష్టపడి, ఈ నిశ్శబ్దమా మేం కొనుక్కుంది అనుకున్నాను.

అలా పది నిమిషాలు గడిచాక తెర ఆరిపోయింది.

తప్పు నాదే. ఎవరూ పది నిమిషాలు ముట్టుకోకపోతే తెర ఆర్పేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది, అది తీసేయమని కోప్ రెండుసార్లు చెప్పాడు. మర్చిపోయాను. దుప్పట్లు కట్టిన గది చీకటైపోయింది. పెట్టె బతికుందో చచ్చిందో కూడా తెలియడం లేదు, అంత మౌనం. నేను మౌస్ కోసం చాప మీద తడుముకుంటున్నాను.

అప్పుడు ఎండిన అరిటాకు మీద గోరు గీసినట్టు ఏదో వినబడింది.

"కూర్చోండి, కూర్చోండి. ఎవరూ లేవకండి. బొమ్మ ఎక్కడికీ పోలేదు, ఇంజను కాస్త ఊపిరి పీల్చుకుంటోంది."

నా చెయ్యి మౌస్ మీద పడింది. కదపలేదు.

"అమ్మల్లారా, అయ్యల్లారా, ఈలోగా ఒక్క మాట. దగ్గా? ఆయాసమా? గొంతు బొంగురుపోయిందా? పెళ్ళాం పిలిచినా పలకలేకపోతున్నారా?..."

అక్కడ ఆగిపోయారు. కొన్ని వేలసార్లు చెప్పిన మాటలే అవి, అలవాటుగా వచ్చేశాయి. వచ్చాక ఏమన్నారో ఆయనకే వినబడింది. నాకైతే ఆ గీరుడు గొంతు అసహ్యంగా ఏం లేదు. అది నాన్న గొంతే. కొంచెం అరిగింది, అంతే.

బండి రోజుల్లో ఆ చోట అమ్మది ఒక మాట ఉండేది. జనంలోంచి ఎవరో పల్లెటూరి ఆడమనిషి అడిగినట్టు, అమాయకంగా అడిగేది. ఆ అమాయకపు గొంతు చీకట్లో వణుక్కుంటూ వచ్చింది.

"ఏవండీ డాక్టరుగారూ... నిజంగా తగ్గుతుందా? ఎన్నాళ్ళు వాడాలి?"

దానికి నాన్న జవాబు మూడు రోజులు. ఎప్పుడూ అంతే. రెండు చెంచాలు, మూడు రోజులు. ఆయన గొంతు సవరించుకున్నారు, నొప్పి పుట్టినట్టుంది, మళ్ళీ సవరించుకున్నారు.

"మామూలు వాళ్ళకి మూడు రోజులమ్మా," అన్నారు. "మొండివాళ్ళకి ఒక వర్షావాసం పడుతుంది."

అమ్మ నవ్వింది. ముందు ఆ పల్లెటూరి మనిషిలా నవ్వింది, తర్వాత అమ్మలా నవ్వింది, తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. "దొంగ సచ్చినోడా," అంటోంది, "దొంగ సచ్చినోడా, ఇన్నాళ్ళా," అంటూ ఆయన భుజం మీద కొడుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు కూడా ఎంత స్పష్టంగా వినబడిందో. కోప్ మూసుకున్న నోట్లోంచే, "పెద్దనాన్నా, నాకో సీసా," అన్నాడు.

నేను మౌస్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. తెర వెలిగితే ఇదంతా ఆగిపోతుందేమోనని నా భయం. ఎంతసేపు కూర్చునేదాన్నో తెలియదు.

"లమ్యాయ్," అన్నారు నాన్న.

నా పేరు పదకొండు నెలలుగా కాగితం మీదే చూశాను.

"మౌస్ కదుపు. జనం లేచిపోతారు."

కదిపాను. ఆరింది తెరే గాని సినిమా ఆగలేదు, వెలిగేసరికి పడవ నడి ఏట్లో ఉంది. ఎక్కడున్నామని అమ్మ వెతుక్కుంటోంది. నాన్న వెతుక్కోలేదు. తలగుడ్డ కుర్రాడు తెడ్డు ఆపి నోరు తెరిచాడు, మాట సరిగ్గా వాడి పెదవుల మీద పడింది.